కోళ్లకు పిల్లనగ్రోవి ఊదే నక్క: ఒక రాతి అచ్చు డైరీ

జనవరి 13, శనివారం

రాయి దొరికింది. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు, నలభై పొడవు, ఏడు మందం. బరువు 22 కిలోలు. వర్క్‌షాప్ పెద్దాయనా నేనూ చెరో పక్కా పట్టుకుని సాన బల్ల మీదికి చేర్చాం. మ్యూనిక్‌లో ఈ రాతి అచ్చు (లిథోగ్రఫీ) పని నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలయింది. ఇన్నాళ్లూ చిన్న రాళ్ల మీద అభ్యాసం చేశాను. ఇవాళ్టి నుంచి నా సొంత పని.

యోహాన్ నెపోముక్ స్ట్రిక్స్‌నర్ 1808లో రాతి మీద గీసి అచ్చు వేసిన బొమ్మల్లో ఒకదాన్ని తీసుకున్నాను. అతను చేసిన దారిలోనే, కలంతో, జిడ్డు సిరాతో, కుడి ఎడమలు తిరగేసి గీసి అచ్చు తీయాలి. ఆ పేజీ అడుగున ఒక నక్క నిలబడి పిల్లనగ్రోవి ఊదుతూ ఉంటుంది. ఆ పాటకు కోళ్లు దగ్గరికి వస్తుంటాయి. అసలు గీత జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌ది. 1515లో మాక్సిమిలియన్ చక్రవర్తి ప్రార్థన పుస్తకం అంచుల్లో, ఎర్ర, ఆకుపచ్చ, ఊదా సిరాలతో ఆయన వేసిన బొమ్మల్లో ఇదొకటి. తోలు కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకంలో డ్యూరర్ చేయి పడిన భాగం ఇక్కడే, మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది.

మూడు వందల ఏళ్ల పాటు ఈ నక్కను చూసినవాళ్లు చాలా తక్కువ. పుస్తకం రాజుగారిది, తర్వాత గ్రంథాలయానిది. దాన్ని జనం చేతికి తెచ్చినవాడు ఆల్టోటింగ్‌లో 1782లో పుట్టిన స్ట్రిక్స్‌నర్. 43 బొమ్మలు రాతి మీద తిరగరాసి పుస్తకంగా వేసేనాటికి అతనికి ఇరవై ఆరేళ్లు కూడా సరిగ్గా ఉండవేమో. డ్యూరర్ పేరు తెలియనివాళ్లు లేరు. స్ట్రిక్స్‌నర్ పేరు ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. నాకు అది బాధగా ఉంటుంది. నకలు తీసేవాడి చేతిలో ఏముంటుందో నా చేత్తో తెలుసుకోవాలనే ఈ పని పెట్టుకున్నాను.

ఇవాళ పనంతా సానే. రాయి మీద నీళ్లు చల్లి, కార్బొరండం అనే గరుకు పొడి, 80 నంబరుది వేసి, పైన ఇంకో చిన్న రాయి పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పోవాలి. గంధం తీసినట్టే, కాకపోతే గంధం చెక్కకు బదులు రాయి. కాసేపటికి పొడి నలిగి బూడిదరంగు ముద్దవుతుంది, కడిగేసి మళ్లీ వేయాలి. 80తో మూడుసార్లు, 180తో మూడు, 220తో మూడు, నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం. పాత బొమ్మ తాలూకు జిడ్డు పూర్తిగా పోవాలి. మధ్యమధ్య ఇనప బద్దను రాయి మీద ఆనించి, కింద సన్నటి కాగితం ముక్కలు దూర్చి లాగి చూడాలి. అన్నిచోట్లా ఒకేలా బిగువుగా ఉంటే రాయి చదునుగా ఉన్నట్టు. మధ్యలో గుంట ఉంటే ప్రెస్సు ఒత్తిడికి రాయి పగులుతుంది.

నాలుగు గంటలు. భుజాలు లాగేస్తున్నాయి.

జనవరి 14, భోగి

అమ్మ వాకిట్లో వేసిన ముగ్గు ఫొటో పంపింది. పదిహేను చుక్కల మెలికల ముగ్గు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను, ఎందుకో అప్పుడు తెలియలేదు.

జనవరి 20

రాయి గురించి కొంచెం రాసుకోవాలి. ఇది సోల్న్‌హోఫెన్ సున్నపురాయి. మ్యూనిక్‌కి ఉత్తరాన, బవేరియాలోనే ఉన్న గనుల్లోది. 15 కోట్ల ఏళ్ల కింద నిశ్చలమైన ఉప్పునీటి మడుగుల్లో మెత్తటి సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. రేణువు ఎంత సన్నమంటే, 1861లో దీంట్లో దొరికిన ఒక్క ఈకలో పోగులన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. ఆ ఈకను బట్టి పేరు పెట్టిన ఆదిమ పక్షికి ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అన్నారు. పేరులో రెండో ముక్క ఈ అచ్చు రాయిదే.

పసుపు రాయి మెత్తన, బూడిదరంగు రాయి గట్టి. కలం గీతకు గట్టిదే మంచిది. నాది బూడిదరంగుదే.

ఈ రాతితో అచ్చు కనిపెట్టిన అలోయిస్ సెనెఫెల్డర్ ప్రాగ్‌లో పుట్టినా బతుకులో ఎక్కువ భాగం మ్యూనిక్‌దే. నాటకాలు రాసేవాడు, అచ్చు వేయించడానికి డబ్బుల్లేవు, తానే వేసుకునే దారి వెతికాడు. 1796లో ఒకరోజు వాళ్లమ్మ చాకలికి వేసే బట్టల పద్దు రాయమంటే చేతికి కాగితం అందక, మైనం, సబ్బు, మసి కలిపిన సిరాతో రాతి మీదే రాశాడని ఆయనే చెప్పుకున్నాడు. ముందు ఆమ్లంతో రాతిని కొరికించి ఉబ్బెత్తు అచ్చు తీశాడు. అసలు సంగతి రెండేళ్ల తర్వాత పట్టుబడింది: రాతిని చెక్కనక్కర్లేదు, కొరికించనక్కర్లేదు. జిడ్డున్నచోట సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. బొమ్మా ఖాళీ రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. అంతకుముందు లోకంలో ఉన్న అచ్చులు దాదాపు అన్నీ ఎత్తుపల్లాల మీద ఆధారపడినవే.

మొదట్లో దీన్ని సంగీత స్వరాలు అచ్చువేయడానికి వాడారు. తర్వాత బవేరియా భూమి సర్వే పటాలకు. ఆ సర్వే రాళ్లు ఇరవై ఆరు వేలకు పైగా ఇప్పటికీ ఈ ఊళ్లో సర్వే శాఖ భవనం అడుగు అంతస్తులో అరల నిండా పేర్చి ఉన్నాయి. అయితే ఒక గొప్ప చిత్రకారుడి గీతను ఈ రాయి మోయగలదని చూపించింది మాత్రం స్ట్రిక్స్‌నర్ పుస్తకమే. జర్మన్ కవి గోథే ఆ పుస్తకాన్ని అదే ఏడాది యేనా పత్రికలో ఎంతో మెచ్చుకున్నాడు.

ఇవాళ సిరా వండాను. తేనెమైనం, పశువుల కొవ్వు, సబ్బు, లక్క, దీపం మసి. మసిని కాటుక పట్టినట్టే పట్టారట పూర్వం. నేను డబ్బాలో దొరికేది వాడాను. మైనమూ కొవ్వూ కరిగి పొగ లేచేదాకా కాచి, సబ్బు తురుము కొంచెం కొంచెంగా వేయాలి. వేసినప్పుడల్లా భగ్గున పొంగుతుంది. అందుకే వాకిట్లో, మూత దగ్గర పెట్టుకుని చేశాం. చల్లారాక నల్లటి కడ్డీ అయింది. దాన్ని పింగాణీ పళ్లెంలో నాలుగు చుక్కల నీళ్లతో అరగదీస్తే సిరా సిద్ధం.

జనవరి 27

మొదటి ప్రయత్నం పోయింది.

స్ట్రిక్స్‌నర్ పేజీ స్కాన్‌ని తిరగేసి ముద్రించుకుని, వెనక ఎర్ర కావి పొడి రుద్ది, రాతి మీద పెట్టి ఆనవాలు గీతలు దించుకున్నాను. కావిలో జిడ్డు ఉండదు కాబట్టి అచ్చులో పడదు. ఆ ఆనవాలు మీద సన్న పాళీతో మెల్లగా, వెంట్రుకవాసి కూడా తప్పకుండా, ఆరు గంటలు గీశాను. చేయి రాతికి తగలకుండా చెక్క వంతెన మీద ఆనించి.

అయ్యాక అద్దంలో చూసుకున్నాను. ప్రతి గీతా ఉండాల్సిన చోటే ఉంది. ప్రతి గీతా చచ్చిపోయి ఉంది.

నక్క ఫరవాలేదు. బొచ్చంతా పొట్టి గీతలు కాబట్టి నప్పింది. కానీ పేజీ పక్కనంతా డ్యూరర్ కలం విలాసంగా తిరిగిన మెలికలుంటాయి. ఒకే గీత బయల్దేరి, సుడి తిరిగి, తనను తానే దాటుకుని, ఇంకో సుడి తిరిగి, చివర ఒక తీగ కొసలా ఆగుతుంది. అక్కడ నా గీత వణికింది. ఎక్కడ ఆగి పాళీ ముంచుకున్నానో అక్కడల్లా చిన్న ముడి. సుడి గుండ్రంగా లేదు, పలకలు పలకలుగా ఉంది.

పెద్దాయన వంగి చూసి, "గీతల మీద గీశారు మీరు. గీత గీయలేదు" అన్నారు. అంతే అన్నారు.

మళ్లీ సాన.

ఫిబ్రవరి 3

వారమంతా రాత్రిళ్లు కాగితం మీద సాధన చేశాను. అమ్మ ముగ్గు నన్నెందుకు పట్టుకుందో ఇప్పుడు తెలిసింది.

అమ్మ మెలికల ముగ్గు వేసేటప్పుడు పిండి గీత వంక చూడదు. ముందున్న చుక్క వంక చూస్తుంది. వేళ్ల మధ్య నుంచి పిండి ఒకే ధారగా జారుతుంది, చేయి ఆగదు. ఆగితే అక్కడ పిండి కుప్ప పడుతుంది. చిన్నప్పుడు నా ముగ్గులో అన్నీ కుప్పలే. "చుక్కకి చుట్టూ తిరుగమ్మా, గీతని పట్టుకుని వేలాడకు" అనేది. డ్యూరర్ మెలికలూ అంతే. దూరం, వేగం, ఎక్కడ తిరగాలన్న లెక్క ముందే చేతికి తెలిసుండాలి.

కష్టమల్లా ఇక్కడ అన్నీ తలకిందులు. డ్యూరర్ చేయి ఎడమనుంచి కుడికి విసిరిన గీతను రాతి మీద కుడినుంచి ఎడమకు విసరాలి. మన కండరానికి అలవాటైన సుడి ఒకటుంటుంది. తెలుగు రాసే చేతికి అది మరీ గట్టిగా ఉంటుంది, మన అక్షరాలన్నీ సుడులే కదా. పరీక్షకోసం ఒక కాగితం మీద "నక్క" అని తిరగేసి రాశాను. తలకట్టు దగ్గరే చేయి మొండికేసింది. నలభై సార్లు రాశాక లొంగింది. తర్వాత మెలికలు. ఒక్కో మెలికా వంద సార్లు. ఆనవాలు లేకుండా, ఒక్క ఊపులో.

స్ట్రిక్స్‌నర్ ఇలాంటివి 43 పేజీలు గీశాడు. అన్నిట్లోనూ మెలికలున్నాయి. అతని చేతికి తిరగేసిన డ్యూరర్ ఒక భాషలా వచ్చి ఉండాలి. లేకపోతే ఆ వేగం రాదు. డ్యూరర్ స్కాన్‌నీ అతని అచ్చునీ పక్కపక్కన పెట్టి చూశాను. నా కంటికి స్ట్రిక్స్‌నర్ గీత కాస్త సమంగా ఉంది, డ్యూరర్ పాళీ నొక్కినచోట వచ్చే లావు సన్నాలు కొంత తగ్గాయి. కానీ ఎక్కడా వణకలేదు. పేజీ మధ్యలో ప్రార్థన ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు, అంచు బొమ్మలే అచ్చువేశాడు. ఆ ఖాళీ వల్ల నక్క ఇంకా బాగా కనిపిస్తుంది. ప్రార్థన పక్కన చిన్న వేడుకగా ఉన్నది ఇక్కడ అసలు కథ అయింది.

ఫిబ్రవరి 10

జ్వరం. వెళ్లలేదు.

ఫిబ్రవరి 17

రెండోసారి గీశాను. ఈసారి కావి ఆనవాలు నక్కకూ కోళ్లకూ మాత్రమే. మెలికలకు చుక్కలు పెట్టుకున్నాను, అక్షరాలా ముగ్గు చుక్కలు. పాళీ నిండా సిరా ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్కో మెలికా ఒక్క విసురులో. మూడోది కొంచెం పక్కకు పోయింది. పోనిచ్చాను. బతికుంది కదా.

సిరా ఆరాక రోజిన్ అనే పైన్ చెట్ల జిగురు పొడి, దానిమీద టాల్కం పొడి చల్లి మెత్తగా తుడిచాను. ఇవి సిరాను ఆమ్లం నుంచి కాపాడతాయి. తర్వాత బంక. అరబ్బు బంక అంటారు, మన తుమ్మ బంకకు అన్నదమ్ముల వరస. చిక్కటి బంకనీళ్లు 30 మిల్లీలీటర్లలో నైట్రిక్ ఆమ్లం పద్నాలుగు చుక్కలు. రాతి మూల పరీక్షగా ఒక చుక్క వేస్తే నెమ్మదిగా సన్నటి బుడగలు రావాలి, సోడాలా బుసబుసమని పొంగకూడదు. వెడల్పాటి కుంచెతో రాయంతా పూసి మూడు నిమిషాలు కదుపుతూనే ఉండాలి. ఆమ్లం పని రాతిని చెక్కడం కాదు. జిడ్డు సిరా రాతిలో పట్టుకునేలా, మిగతా చోట బంక పొర పట్టుకుని తడిని నిలిపేలా చేయడం.

సాయంత్రం విజయవాడకి ఫోన్ చేస్తే బాబాయ్ తీశాడు. ఆయన ఆఫ్‌సెట్ మిషన్ మీద ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. రాతి మీద బంక రాశానని చెబితే ఆయనకి కొత్తేమీ అనిపించలేదు. "గమ్ము కొట్టావన్నమాట. మేమూ మిషన్ ఆపినప్పుడల్లా ప్లేటుకి గమ్ము కొట్టేవాళ్లం తల్లీ. కొట్టకపోతే తెల్లారేసరికి ప్లేటు నల్లబడి కూర్చునేది" అన్నాడు. ఇద్దరం ఒకే పని గురించి మాట్లాడుతున్నామని అప్పుడు తెలిసొచ్చింది. ఆఫ్‌సెట్ ప్లేటు మీదా బొమ్మా ఖాళీ ఒకే ఎత్తు. నీళ్లూ సిరా ఒకదాన్నొకటి తోసుకోవడమే అక్కడా జరిగేది. రాయి పోయి అల్యూమినియం రేకు వచ్చింది, అంతే. "నీళ్లు చూసుకో. ఎక్కువైతే సిరా తేలిపోద్ది, తక్కువైతే మొత్తం పట్టేస్తది" అని రెండుసార్లు చెప్పాడు.

ఫిబ్రవరి 24

వర్క్‌షాప్ మూసి ఉంది. ఆల్టే పినాకొథేక్ అనే చిత్రాల మ్యూజియంకి వెళ్లాను. స్ట్రిక్స్‌నర్ మిగతా బతుకు అక్కడే గోడల మీద ఉంది.

కొలోన్‌కి చెందిన బ్వాసెరే సోదరులు సుల్పిట్స్, మెల్కియోర్ పాత జర్మన్, నెదర్లాండ్ల చిత్రాలు సేకరించారు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో చర్చిలు, మఠాలు మూతపడి అక్కడి చిత్రాలు అయినకాడికి అమ్ముడైపోతున్న రోజులవి. వాళ్ల సేకరణ 1819లో స్టుట్‌గార్ట్ చేరింది. ఆ చిత్రాలను రాతి అచ్చులుగా వేసే పని స్ట్రిక్స్‌నర్‌కి అప్పగించారు. 1821లో మొదలైన ఆ ప్రచురణ 1840 దాకా సాగింది, వందకు పైగా పెద్ద అచ్చులు. మధ్యలో 1827లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ సేకరణంతా కొనేశాడు. అందుకే వాటిలో చాలా ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉన్నాయి.

పాత నెదర్లాండ్ల చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వైడెన్ వేసిన కొలుంబా పీఠచిత్రం, అంటే చర్చి పూజాపీఠం మీద పెట్టే చిత్రం ముందు నిలబడ్డాను. బ్వాసెరేల కాలంలో దాన్ని ఇంకో చిత్రకారుడు యాన్ వాన్ ఐక్‌ది అనుకునేవారు. మధ్య పలకలో పశువుల పాక, పసి ఏసును చూడవచ్చిన ముగ్గురు రాజులు, రాజుల బట్టల మీద జరీ. ఇంత రంగును నల్లటి జిడ్డు సుద్దతో రాతి మీద ఎలా చెబుతాడు? అతను చేసిందేమిటంటే రెండు రాళ్లు వాడాడు. ఒకదాని మీద సుద్ద బొమ్మ. రెండోదాని మీద లేత రంగు పూత, దాంట్లో వెలుగు ఉండాల్సిన చోట గీరేస్తే కింద కాగితం తెలుపే వెలుగవుతుంది. ఫొటోలు లేని రోజుల్లో, స్టుట్‌గార్ట్ దాకా ప్రయాణం చేయలేని వాళ్లకు ఈ చిత్రాలు తెలిసింది ఆ రెండు రాళ్ల ద్వారానే.

మన ఇళ్లలో దేవుడి గూట్లో ఉండే లక్ష్మీ సరస్వతుల పటాలు గుర్తొచ్చాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన లిథో ప్రెస్సుకు యంత్రాలూ నిపుణులూ జర్మనీ నుంచే వెళ్లారు. తర్వాత దాన్ని కొనుక్కున్న ఫ్రిట్జ్ ష్లైహర్ కూడా జర్మనే. మా అమ్మమ్మ రోజూ పసుపూ కుంకుమా పెట్టే పటంలో రంగులు ఇలాగే ఒక్కో రాయి నుంచీ ఒక్కోటిగా కాగితం మీద పడినవే. ఆ రాళ్ల మీద గీసిన చేతుల పేర్లు ఎవరూ పటం అంచున వేయలేదు.

స్ట్రిక్స్‌నర్ 1855లో మ్యూనిక్‌లోనే పోయాడు. తన పేరు నిలిచే పెద్ద వర్ణచిత్రమేదీ నాకు ఎదురుపడలేదు. చేసిందంతా ఇతరుల చిత్రాలను జనానికి అందించడం. నాకది చిన్న పనిగా అనిపించడం లేదు.

మార్చి 2

అచ్చు మొదలు. ముందు టర్పెంటైన్‌తో సిరానంతా కడిగేయాలి. ఆరు గంటలు గీసిన బొమ్మ గుడ్డకి నల్లగా అంటుకుని రాతి మీద నుంచి మాయమైపోతుంది. ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమంటుంది. రాయి ఖాళీగా, కాస్త పసుపు ఛాయలో లేత మరకలతో కనిపిస్తుంది. స్పాంజితో తడిపి, తోలు రోలరు మీద సిరా పూసి దొర్లిస్తే, నాలుగో విసురుకి నక్క చెవులు వచ్చాయి. తర్వాత పిల్లనగ్రోవి. తర్వాత మొత్తం.

దాంతోపాటే ఖాళీగా ఉండాల్సిన మధ్యలో ఒక వేలిముద్ర.

నాదే. బొటనవేలు. రేఖలన్నీ చక్కగా, సుడి సహా, నల్లగా అచ్చయ్యాయి. ఎప్పుడు తగిలిందో తెలియదు. కంటికి కనపడని చెమట జిడ్డు రెండు వారాలు బంక కింద దాక్కుని ఉంది. ప్యూమిస్ (నురగరాయి) కడ్డీతో తడిచేసి మెల్లగా రుద్ది, ఆ చోటికి మాత్రం మళ్లీ బంకా ఆమ్లం పెట్టాను. పోయింది.

ఎడమ మూల కోడి ఈకల్లో మూడు గీతలు మాత్రం రాలేదు. అక్కడ ఆమ్లం ఎక్కువసేపు నిలిచినట్టుంది. వెనిగర్ నీళ్లతో ఆ చోటును మళ్లీ జిడ్డు తీసుకునేలా చేసి తిరిగి గీయొచ్చు. చేయలేదు. ఆ కోడి అలాగే ఉండనిచ్చాను.

మార్చి 9

తడి కాగితం రాతి మీద పరిచి, పైన అట్ట, దానిమీద కొవ్వు రాసి, ప్రెస్సు బల్ల తిప్పాను. పైనున్న చెక్క పలక, తోలు తొడిగింది, రాతిని ఒక చివరనుంచి ఇంకో చివరకు గీరినట్టు నొక్కుతూ పోతుంది. మొదటి మూడు అచ్చులు పాలిపోయాయి. నాలుగోది పట్టింది. ప్రతి అచ్చుకీ ముందు తడపాలి, సిరా దొర్లించాలి, మళ్లీ తడపాలి. ఏడోదాని దగ్గర నీళ్లు ఆరనిచ్చాను, అంచున సిరా పట్టడం మొదలైంది. బాబాయ్ మాట గుర్తొచ్చి వెంటనే స్పాంజి అందుకున్నాను.

మంచివి పన్నెండు వచ్చాయి. తాడు మీద క్లిప్పులతో ఆరేశాను. కాగితం మీద మెలికలు సరైన దిక్కుకు తిరిగాయి, నా చేయి ఎప్పుడూ గీయని దిక్కుకు. మూడో మెలిక పక్కకు పోయింది కదా, అచ్చులో అదే అన్నిటికన్నా బాగుంది. పెద్దాయన దాని దగ్గరే చాలాసేపు నిలబడ్డారు.

ఒకటి అమ్మకి, ఒకటి బాబాయ్‌కి. అట్ట గొట్టంలో చుట్టి పెట్టాను.

మార్చి 16

రాయి వర్క్‌షాప్‌ది, వచ్చే వారం ఇంకొకరికి కావాలి. బొమ్మ తీసేయాలి. నీళ్లు, 80 నంబరు పొడి, పై రాయి. మొదటి విడతలో కోళ్లు పోయాయి. రెండో విడతలో మెలికలు. కడిగి చూస్తే తడి రాతిలో నక్క ఇంకా లేతగా ఉంది, పిల్లనగ్రోవి నోటి దగ్గరే పెట్టుకుని. ఇంకో చెంచా పొడి వేశాను.